మోనాడూ గీనాడూ

"మోనాడూ గీనాడూ మాకెందుకండీ? పదకొండేళ్ళుగా ఫర్ లూప్ రాసుకుంటూ బతుకుతున్నాం. బాగానే ఉన్నాం."

ఆ మాట అన్నది మూడో అంతస్తు మీటింగ్ రూములో, కిటికీ పక్క కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్న మనిషి. ఆఫీసులో అందరూ అతన్ని కొర్రీ అంటారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఐడీ కార్డు మీద మాత్రం మిగిలింది. దూరప్రాంతపు బస్సుల్లో సీట్లు బుక్ చేసే సిస్టం వాళ్ళది. ఎవరు ఏ కోడ్ రాసినా, అందులో కలిపేముందు సరిచూసే పని అతనిది. సరిచూడటమంటే ప్రతి లైను కిందా ఒక కొర్రీ పెట్టటం. "ఇది రాకపోతే?" "ఇది ఖాళీగా వస్తే?" "ఇదే రెండుసార్లు వస్తే?" అతనికి అర్థం కాని లైను ఈ పదకొండేళ్ళలో ఒక్కటి కూడా గడప దాటి లోపలికి వెళ్ళలేదు.

ఆ మాట పడింది బోర్డు దగ్గర మార్కర్ పట్టుకుని నిలబడ్డ అమ్మాయి మీద. ముందురోజే హెడ్డాఫీసు నుంచి వచ్చింది. తలపండిన డెవలపర్లకి ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ అనే కొత్త పద్ధతి నేర్పటం ఆమె ఉద్యోగం. వచ్చిన పూటే ఆమెకి టీచరమ్మ అని పేరు పడిపోయింది.

ఆమె నొచ్చుకుంటుందేమోనని అందరూ చూశారు. ఆమె మార్కర్ మూత తీసింది.

"ఇంకోసారి అనండి."

"ఏంటి?"

"ఇప్పుడన్నది."

కొర్రీ చుట్టూ చూశాడు. "మోనాడూ గీనాడూ."

"థాంక్సండీ. ఇప్పుడు కాఫీ ఇస్తాను. ఏమంటారు?"

"ఇస్తే తాగుతామమ్మా," అన్నాడు పెద్దాయన. ఆయనకి ఇరవై రెండేళ్ళ సర్వీసు. కాఫీ అన్న మాట వినగానే సగం లేచాడు కూడా.

"తాగటానికి కాదండీ. కాఫీ అనే మాట ఇస్తాను. దాంతో ఏం చేస్తారు?"

"కాఫీ గీఫీ," అంది టెస్టరక్క. ఎవరు ఏం కట్టినా ఎక్కడ కూలుతుందో వెతికి చూపించటం ఆవిడ వృత్తి, ఇంటి దగ్గర సరదా.

"మీటింగ్?"

"గీటింగ్!" అన్నారు క్లాసులో ఉన్న ముగ్గురూ.

"సర్వర్?"

"గిర్వర్!"

"చూశారా? ఇది మీకెవరూ నేర్పలేదు. పొట్టి అక్షరమైతే గి, పొడుగైతే గీ. ఏ మాటిచ్చినా ఒకే పని. ఆ మాటకి అర్థం తెలియాల్సిన పని కూడా లేదు. మోనాడ్ అంటే ఏంటో ఈయనకి తెలీదు. అయినా ఠక్కున గీనాడ్ అనేశారు. దీన్నే ఫంక్షన్ అంటాం."

గదంతా నవ్వింది. కొర్రీ చెవులు ఎర్రబడ్డాయి.

టెస్టరక్క చెయ్యెత్తింది. "గిన్నె ఇస్తే?"

అందరూ ఆలోచనలో పడ్డారు. "గిన్నె... గిన్నె," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా.

"బగ్! మొదటి రోజే బగ్!"

"బగ్ కాదక్కా. ఇచ్చింది ఇచ్చినట్టే బయటికొచ్చే చోటు అది. ఫిక్స్‌డ్ పాయింట్ అంటారు."

"సరే, గీఫీని మళ్ళీ అదే ఫంక్షన్‌లో వేస్తే?" అన్నాడు పెద్దాయన.

"గీఫీయే వస్తుంది. ఒకసారి వేసినా వందసార్లు వేసినా అంతే. దాన్ని ఐడెంపొటెంట్ అంటారు."

"మా ఇంట్లో నా మాట కూడా అంతేనమ్మా. ఒకసారి చెప్పినా వందసార్లు చెప్పినా ఒకటే."

నవ్వులు తగ్గేదాకా ఆగి, కొర్రీ అడిగాడు. "ఏమీ ఇవ్వకపోతే?"

"అంటే?"

"మాటే లేదు. ఖాళీ. అప్పుడు మీ ఫంక్షన్ ఏమంటుంది?"

టీచరమ్మ మొదటిసారి అతన్ని తిన్నగా చూసింది. ఎవరికో దారి చెబుతుంటే ఆ మనిషే ఇంకా దగ్గరి దారి చూపించినట్టు చూసింది. "దానికి ఐదో క్లాసుదాకా ఆగాలండీ. ఆ క్లాసు పేరే మోనాడ్."

'గీనాడ్' అని మనసులోనే అనుకోబోయి, అందులోని ఫంక్షన్ గుర్తొచ్చి, కొర్రీ నోరు మూసుకున్నాడు.

* * *

మేనేజర్ ఆ మధ్యాహ్నమే షరతు చెప్పేశాడు. రెండు చేతుల్లో రెండు ఫోన్లతో నడిచే మనిషి ఆయన. తలుపులు మోచేత్తో తీస్తాడు.

"మూడు వారాలు. సీటు వెతికే పాత మాడ్యూల్‌ని ఆవిడ కొత్త పద్ధతిలో తిరగరాస్తుంది. మీ ముగ్గురూ చూసి ఓకే అంటే అది లోపలికెళ్తుంది, ఆవిడ ఇక్కడే ఉంటుంది. ఒక్కరు కాదన్నా ప్రయోగం ఆపేస్తాం. ఆవిడ మూడో శుక్రవారం సాయంత్రం రైలెక్కి హెడ్డాఫీసుకి వెళ్ళిపోతుంది. క్లియరా?"

"క్లియర్ సార్," అన్నాడు కొర్రీ. అతనికి ఆ రోజు అందులో బాధపడాల్సిందేమీ కనిపించలేదు.

రెండో క్లాసు ప్యూర్ ఫంక్షన్ల మీద. ఎన్నిసార్లు ఒకటే ఇచ్చినా వచ్చేదీ ప్రతిసారీ ఒకటే కావాలి, మధ్యలో ఇంకేదీ జరగకూడదు, అంది టీచరమ్మ.

"ఇంకేదీ అంటే?" కొర్రీ.

"పెద్దాయన గారూ, ఇంటికి ఫోన్ చేసి తాళం వేశావా అని అడిగారనుకోండి. ఏమవుతుంది?"

"వేశాననే అంటుంది. ఆపైన, అంటే నా మీద నమ్మకం లేదా అని మొదలుపెడుతుంది. అక్కణ్ణుంచి మా చెల్లెలి పెళ్ళిలో జరిగినదాని దాకా వెళ్తుంది."

"వేశాను అన్నది రిటర్న్ వాల్యూ. మిగతాదంతా సైడ్ ఎఫెక్ట్."

పెద్దాయన నోట్‌బుక్ తీసి ఆ మాట రాసుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన క్లాసులో ఏదైనా రాసుకోవటం అదే మొదలు.

ఆ వారమంతా కొర్రీ తనలో ఒక లోపం గమనించాడు. రోజూ ఉదయం తొమ్మిదింటికి లిఫ్టు దగ్గర టీచరమ్మ అతనికి ఒకటే మాట ఇచ్చేది. గుడ్ మార్నింగ్. సోమవారం అతను తిరిగి గుడ్ మార్నింగ్ అన్నాడు. మంగళవారం దగ్గొచ్చింది. బుధవారం చేతిలో టీ చొక్కా మీద పడింది. గురువారం "మీకు కూడా" అన్నాడు. ఇన్‌పుట్ అదే, అవుట్‌పుట్ రోజుకొకటి. అతను ఏ కోణంలోనూ ప్యూర్ కాదు.

శుక్రవారం వాన. ఆఫీసు మెట్ల దగ్గర టీచరమ్మ బ్యాగు తల మీద పెట్టుకుని, దూకాలా వద్దా అని చూస్తోంది. కొర్రీ చేతిలో గొడుగు ఉంది. పెద్ద గొడుగు, ఇద్దరికి సరిపోతుంది. అతను దాన్ని విప్పి, ఆమె చేతిలో పెట్టి, వానలోకి పరుగెత్తి బస్సెక్కేశాడు.

సోమవారం ఆమె గొడుగు తిరిగిచ్చింది. చక్కగా ఆరబెట్టి, మడతలు సరిచేసి, పట్టీ కట్టి ఉంది.

"జలుబు చేసిందా?"

"లేదండీ," అని తుమ్మాడు కొర్రీ.

"ఇవాళ క్లాసుకి మంచి ఉదాహరణ ఇచ్చారు. రెండు ఇన్‌పుట్లు కావాల్సిన ఫంక్షన్‌కి ఒకటిచ్చి పారిపోయారు. దాన్ని కరీయింగ్ అంటాం. ఒక్కొక్కటిగా ఇవ్వటం తప్పేం కాదు. కానీ మిగిలింది ఇచ్చేదాకా జవాబు రాదు."

"మిగిలింది ఏంటండీ?"

"ఆలోచించండి. మీరు సీనియర్ కదా."

అతను ఆలోచించాడు. గొడుగు ఒక ఇన్‌పుట్. రెండోది చార్జర్ లాంటిదేమైనా అయ్యుంటుందా అని మధ్యాహ్నం వరకూ ఆలోచించాడు. భోజనం దగ్గర టెస్టరక్కని అడిగాడు.

టెస్టరక్క ముద్ద నోట్లో పెట్టుకోకుండా అతన్నే చూసింది. "తమ్ముడూ, పదకొండేళ్ళ అనుభవం ఎవరిచ్చారయ్యా నీకు? రెండోది నువ్వు!"

* * *

ఆ రోజు నుంచి గడువు అతనికి వేరే రకంగా కనిపించసాగింది. మూడు ఓకేలు. ఒక్కరు కాదన్నా ఆమెకి రైలు.

పెద్దాయనా టెస్టరక్కా నాలుగో క్లాసుకే పూర్తిగా ఆమె పక్షం. కోడ్ చదివి, నడిపి, విరగ్గొట్టబోయి, విరగక, ఓకే అనేశారు. మిగిలింది కొర్రీ. కొర్రీకి ఐదో క్లాసు మిగిలింది.

"మోనాడ్‌ని ఒక డబ్బా అనుకోండి," అంది టీచరమ్మ.

"మూత ఎవరు తీస్తారు?"

"తీయక్కర్లేదు. లోపల ఉన్నదానితో లోపలే పని చేస్తాం."

"మూత తీయకుండా లోపల ఉందో లేదో ఎలా తెలుస్తుంది?"

"సరే, డబ్బా వద్దు. పైపు అనుకోండి."

"లీకైతే?"

"పోనీ ఉత్తరం కవరు."

"కవర్లో ఇంకో కవరుంటే?"

"ఉంటే రెండూ కలిపి ఒకటే కవరు చేస్తాం. అదే కదండీ దాని గొప్ప!"

"అలా చేస్తే బయటి కవరు మీద అడ్రస్ ఏమవుతుంది?"

టీచరమ్మ మార్కర్ బల్ల మీద పెట్టింది. "వాళ్ళిద్దరికీ అర్థమైంది. నిజం చెప్పండి. మీకు అర్థం కాలేదా, అర్థం కానట్టు ఉంటున్నారా?"

పెద్దాయన నోట్‌బుక్‌లో తల దూర్చాడు.

"అర్థం కాలేదని చెప్పటం నాకూ సరదా కాదండీ," అన్నాడు కొర్రీ. "అందరి ముందూ చెప్పటం అస్సలు సరదా కాదు. కానీ అర్థమైందని తలూపితే, రేపు ఏ బస్సులోనో ఒకే సీటు మీద ఇద్దరు కూర్చుని కొట్టుకుంటారు. అందులో ఒకరు నిండు నెలల మనిషి అయితే?"

ఆమె వెనక్కి తిరిగింది. బోర్డు తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. "రేపు ఇంకో రకంగా చెబుతాను," అంది.

మర్నాడు ఇంకో రకంగా చెప్పింది. ఆ మర్నాడు మరో రకంగా. రోజూ ఒక కొత్త వస్తువు తెచ్చేది. కూజా, సంచి, రైలు పెట్టె. కొర్రీ నిజాయితీగా ప్రతిదానికీ ఒక చిల్లు చూపించేవాడు. చూపించిన ప్రతిసారీ తన చేత్తోనే ఆమెకి రైలు టికెట్ కొంటున్నట్టు ఉండేది.

బుధవారం సాయంత్రం ఇంటికెళ్ళే దారిలో నాన్న షాపు దగ్గర ఆగాడు. నాన్న టైలరు. తల్లి పోయి ఆరేళ్ళయింది. అప్పటినుంచి తండ్రీ కొడుకులే. నాన్న కాలరు తిరగేసి కుడుతున్నాడు.

"నాన్నా, మనకి కావాల్సిన మనిషి కుట్టిన చొక్కా బాగుందో లేదో మనం చెప్పగలమా?"

నాన్న మిషను ఆపలేదు. "ముప్ఫయ్యేళ్ళు బొత్తాలన్నీ మీ అమ్మే కుట్టింది. నేను రోజూ చూసేవాణ్ణి. ఒక్కటి కూడా వదులుగా కనపడలేదురా. ఆవిడ పోయాక కస్టమర్లు ఒక్కొక్కరూ చెప్పారు. సగం బొత్తాలు వారానికే ఊడిపోయేవట."

"మరి అప్పుడెందుకు చెప్పలేదు?"

"మళ్ళీ కుట్టించుకోడానికి వస్తే ఆవిడ మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి కబుర్లు చెప్పేదట. అందుకని." నాన్న దారం కొరికాడు. "ఎవరురా కుట్టింది?"

"ఎవరూ కాదు. కోడ్ సంగతి."

"కోడ్‌కి చెవులు ఎర్రబడతాయా?" అని నాన్న మళ్ళీ మిషను తొక్కాడు.

* * *

గురువారం ఉదయం కొర్రీ ఒక నిర్ణయానికి వచ్చాడు. అర్థం కాకుండా ఓకే అంటే పదకొండేళ్ళ మాట తప్పినట్టు. కాదంటే ఆమె వెళ్ళిపోతుంది. పైగా తనకి ఆ కోడ్‌లో నిజంగా తప్పు కనిపించటం లేదా, కనిపించకూడదని కళ్ళే అనుకుంటున్నాయా? నాన్న బొత్తాల మాట విన్నాక అతనికి తన కళ్ళ మీద నమ్మకం పోయింది.

రివ్యూ పేజీలో మూడు బటన్లు ఉంటాయి. ఓకే. కాదు. చూడలేను. మూడోది ఎవరూ వాడరు. సొంత తమ్ముడి కోడో, మరొకటో వస్తే వాడమని పెట్టింది. నొక్కితే కారణం అడుగుతుంది. ఆ కారణం మేనేజర్‌కి వెళ్తుంది.

కొర్రీ రాశాడు:

'ఈ కోడ్ రాసినవారంటే నాకు ఇష్టం. కాబట్టి ఇది బాగుందా లేదా అన్న నా అభిప్రాయం చెల్లదు. మోనాడ్ నాకింకా అర్థం కాలేదు. ఈ రెండూ వేరు వేరు సంగతులని మనవి.'

ఒకటికి రెండుసార్లు చదివాడు. అక్షరదోషాలు లేవు. పంపించాడు.

పక్క బల్ల మీద ఫోను టింగుమంది. ఆ పక్కది టింగుమంది. హాలు ఆ చివర నుంచి ఈ చివరదాకా, వాన మొదటి చినుకులు రేకుల మీద పడ్డట్టు, టింగ్, టింగ్, టింగ్.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ పేజీలో ఏ బటన్ నొక్కినా, రాసిన కారణంతో సహా, లిస్టులో ఉన్న నలభై ముగ్గురికీ మెయిల్ వెళ్తుంది. అలా వెళ్ళాలని పదకొండేళ్ళ కిందట, కొత్తగా చేరిన ఉత్సాహంలో, ఆ ప్రోగ్రాం రాసింది అతనే. దాన్ని సరిచూసి కొర్రీ పెట్టటానికి అప్పుడింకా ఎవరూ లేరు.

స్క్రీన్ మీద కామెంట్లు దిగసాగాయి.

టెస్టరక్క: 'ధ్రువీకరించాను. మూడు వారాలుగా ఈ బగ్ రోజూ రిప్రొడ్యూస్ అవుతూనే ఉంది.'

పెద్దాయన: 'నేను ఓకే అంటున్నాను. కోడ్‌కి కాదు. దానికి మొన్ననే అన్నాను.'

హెడ్డాఫీసులో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి: 'దయచేసి నన్ను ఈ లిస్టులోంచి తీసేయండి.' ఆ కిందనే మళ్ళీ ఆ మనిషే: 'ఏమైందో తెలిశాక తీసేయండి.'

కొర్రీ బల్ల కింద ఏదో పడిపోయినట్టు వంగాడు. అక్కడే ఉండిపోదామనుకున్నాడు. బల్ల అవతల రెండు చెప్పులు వచ్చి ఆగాయి.

"పైకి రండి," అంది టీచరమ్మ.

వచ్చాడు. ఆమె ముఖం ఎర్రగా ఉంది. కోపమో మరొకటో తెలియలేదు.

"నలభై ముగ్గురికి చెప్పారు. నాకు చెప్పలేదు."

"మీరూ లిస్టులో ఉన్నారండీ."

"నలభై ముగ్గురిలో ఒకదాన్నా నేను?"

"అది సైడ్ ఎఫెక్ట్ అండీ. నేను మేనేజర్ గారికి మాత్రమే అనుకుని..."

"నాకు చెప్పాల్సింది మేనేజర్‌కి చెబుతారా!"

అటూ ఇటూ కుర్చీలన్నీ కిర్రుమనటం మానేశాయి. ఆమె గొంతు తగ్గించింది. "చూడండి. ఇప్పుడు నేనేం చెప్పినా తప్పే. అవునంటే మూడో ఓకే కోసం అన్నానంటారు. కాదంటే..."

"కాదంటే?"

"రివ్యూ అయ్యేదాకా నన్నేమీ అడగొద్దు. ఒక్క కొర్రీ కూడా."

* * *

మేనేజర్ రెండు ఫోన్లూ బల్ల మీద బోర్లించి పెట్టాడు. అలా పెట్టటం ఎవరూ చూసి ఎరగరు.

"ముగ్గురు చూడాలన్నాను. ఒకడు తప్పుకున్నాడు. ఆ పాత మాడ్యూల్ తెలిసినవాళ్ళు ఇంకెవరున్నారు?"

"దాన్ని మొదట రాసింది మీరే కదా సార్," అంది టెస్టరక్క.

"తొమ్మిదేళ్ళయింది నేను కోడ్ ముట్టుకుని!"

"రేపు సాయంత్రం ఆ అమ్మాయికి రైలు సార్," అన్నాడు పెద్దాయన గోడవైపు చూస్తూ, గోడతో చెబుతున్నట్టు.

మేనేజర్ నిట్టూర్చాడు. "సరే. నేనే మూడోవాణ్ణి. మోనాడ్ ఎవరు చెబుతారు?"

టీచరమ్మ మార్కర్ అందుకోబోయింది.

"మీరొద్దమ్మా. మీరు చెబితే అర్థమైనట్టు తలూపేస్తాను. మీటింగుల్లో పడిన అలవాటు. అర్థం కానివాడు చెబితే ఎక్కడ అర్థం కావట్లేదో నాకూ తెలుస్తుంది. కొర్రీ, లే."

"సార్, నేను చూడలేనని రాశాను."

"చూడొద్దు. చెప్పు."

కొర్రీ బోర్డు ముందు నిలబడ్డాడు. డబ్బా గుర్తొచ్చింది. మూత గుర్తొచ్చింది. పైపు, కవరు, కూజా, రైలు పెట్టె వరసగా గుర్తొచ్చాయి. దేనికి ఎక్కడ చిల్లు పెట్టాడో కూడా గుర్తుంది. ఇంకేమీ చేతకాక, తనకి బాగా తెలిసినదే మొదలుపెట్టాడు.

"సార్, మీ పాత కోడ్ ఇది. ముందు ఊరు వెతుకుతుంది. తర్వాత బస్సు. తర్వాత సీటు. మీరు మూడు లైన్లు రాశారు."

"చక్కగా ఉండేది."

"చక్కగానే ఉంది సార్. నేను వచ్చిన కొత్తలో దానికి కొర్రీ పెట్టాను. ఊరు దొరక్కపోతే? అని. మీరు తిట్టి, దొరికితేనే ముందుకి అని ఒక ఇఫ్ పెట్టారు."

"గుర్తుంది. చాలా తిట్టాను."

"తర్వాత, బస్సు దొరక్కపోతే? ఇంకో ఇఫ్. సీటు దొరక్కపోతే? ఇంకోటి. ఇలా ప్రతి అడుగుకీ నేను అదే అడుగుతూ పోయాను. వచ్చిందా? వస్తే ముందుకెళ్ళు. రాకపోతే అక్కడే ఆగు, కింద పడకుండా ఖాళీ చేతుల్తో బయటికి రా. మూడు లైన్లు నలభై లైన్లయ్యాయి. అందులో మీరు రాసింది మూడే. మిగతాదంతా నా..."

ఆగిపోయాడు.

టీచరమ్మ కొత్త కోడ్ తెర మీద ఉంది. ఊరు, బస్సు, సీటు. మళ్ళీ మూడే లైన్లు. లైనుకీ లైనుకీ మధ్య ఒక చిన్న గుర్తు. ఇన్నాళ్ళుగా అది ఏ డబ్బాకి మూతో అని చూస్తున్నాడు.

"నా కొర్రీ," అన్నాడు కొర్రీ. "ఆ మధ్యలో ఉన్నది నా కొర్రీయే! ఊరికొకటి, బస్సుకొకటి, సీటుకొకటి రాయకుండా, ఒక్కచోట ఒక్కసారి రాసి అడుగుకీ అడుగుకీ మధ్య పెట్టారు. ఇది రాకపోతే? అని అడగటం ఇంక మనిషి పని కాదు, దాని పని. అంతేనా? ఇంతకాలం నేను చేసింది ఇదేనా?"

అతను టీచరమ్మవైపు తిరిగాడు. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుని ఉంది. మీరొద్దన్న మేనేజర్ మాట పాటిస్తోంది. తల మాత్రం ఊపింది. మళ్ళీ మళ్ళీ ఊపింది.

"బస్సు బదులు ఖాళీ వస్తే తర్వాతి లైను నడవదన్నమాట," అన్నాడు మేనేజర్ ముందుకు వంగి. "ఒకే సీటు ఇద్దరికి ఇచ్చే దారి?"

"లేదు సార్. ఇక్కడ నేను కూడా కొర్రీ పెట్టలేను." అతని గొంతులో కొంచెం దిగులు కూడా ఉంది. పదకొండేళ్ళ పని ఒక చిన్న గుర్తులో సర్దుకుపోవటం మాటలు కాదు.

మేనేజర్ రెండు గంటలు కూర్చున్నాడు. తొమ్మిది ప్రశ్నలు అడిగాడు. అందులో రెండు నిజంగా మంచివని టెస్టరక్క ఒప్పుకుంది. శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి నలభై మూడు ఫోన్లూ మళ్ళీ టింగుమన్నాయి. 'ఓకే. అర్థమైంది. కొంచెం భయంగా ఉంది, కానీ అర్థమైంది.'

హెడ్డాఫీసు మనిషి: 'అది సరే. రెండో సంగతి ఏమైంది?'

రెండో సంగతి గురించి టీచరమ్మ ఆ రోజు ఏమీ అనలేదు. రైలు టికెట్ రద్దు చేసుకుంది. వెళ్తూ వెళ్తూ కొర్రీ బల్ల దగ్గర ఆగింది.

"మీ నాన్నగారు టైలరని టెస్టరక్క చెప్పింది. ఆదివారం షాపు తెరుస్తారా?"

"తెరుస్తారు. ఎందుకు?"

"నా కోటు చేతులు పొడుగయ్యాయి," అని వెళ్ళిపోయింది.

* * *

ఆదివారం నాన్న గుండుసూదులు పెదాల మధ్య బిగబట్టి ఆమె కోటు చెయ్యి మడిచి చూస్తున్నాడు. కొర్రీ ఇస్త్రీ బల్ల పక్కన, ఎక్కడ నిలబడాలో తెలియని కస్టమర్లా నిలబడ్డాడు.

నాన్న సూదులు తీసి పక్కన పెట్టాడు. "అమ్మా, ఒక మాట ముందే చెప్పాలి. మా వాడు ప్రతిదానికీ కొర్రీ పెడతాడు. అన్నం మెత్తగా ఉంటే ఎందుకని, గట్టిగా ఉంటే ఎందుకని. తర్వాత మమ్మల్ని అనకూడదు."

"తెలుసండీ. ఆయన రాసినవన్నీ చదివాను."

"ఏవి?" అన్నాడు కొర్రీ.

"మీ కామెంట్లు. పదకొండేళ్ళవీ. ఎక్కడికైనా పాఠం చెప్పటానికి వెళ్ళేముందు వాళ్ళ రాతలు చదువుతాను. నాలుగు ఆఫీసుల్లో ఒకటి ఎంచుకోమన్నారు నన్ను. మిగతా మూడింట్లో సీనియర్లు కొత్తవాళ్ళని ఎలా తిట్టారో చదవలేకపోయాను." ఆమె కోటు బొత్తం తిప్పుతూ చెప్పింది. "మీరు ఎవరో కొత్తవాళ్ళకి రాశారు. వాళ్ళ వల్ల సిస్టం పూటంతా పడిపోయింది. మీరు కింద రాశారు: 'నేను చేరిన ఏడాది సరిగ్గా ఇక్కడే ఇదే తప్పు చేశాను. ముందు భోజనం చేసి రండి. వచ్చాక ఇద్దరం చూద్దాం.' అది చదివి ఈ ఊరు వస్తానన్నాను."

కొర్రీకి ఆ కామెంటు గుర్తు కూడా లేదు. "అంటే రాకముందు నుంచే... మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

"అడగొద్దన్నారు కదా!"

"అది మొన్న గురువారం. దానికి ముందు మూడు వారాలున్నాయి. ప్రపంచంలో ప్రతిదాన్నీ అడిగారు. మూత ఎవరు తీస్తారని అడిగారు, లీకైతే అని అడిగారు. ఇదొక్కటీ తప్ప!"

"ఇప్పుడు అడగొచ్చా?"

"అడగండి."

కొర్రీ నాన్నవైపు చూశాడు. నాన్న వెంటనే సూదులన్నీ మళ్ళీ నోట్లో పెట్టేసుకుని, కోటు చేతిలోకి తల వంచాడు.

"నాతో ఉండిపోతారా?"

"ఉంటాను," అంది.

అంతే. ఇంకో ప్రశ్న కోసం కొర్రీ వెతికాడు. దొరకలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇస్త్రీ పెట్టె మీద పెట్టి, చురుక్కుమని తీసుకున్నాడు. ఆమె నవ్వుతూ ఆ చెయ్యి తీసుకుని చూసింది. చూసి, వదల్లేదు.

నాన్న సూదులు తీశాడు. "రెండో చేత్తో కొలత రాసుకోరా. ఇరవై రెండున్నర."

కొర్రీ కొలతల పుస్తకం తెరిచి కొత్త పేజీ తిప్పాడు.

"అక్కడ కాదు. చివర్నుంచి తెరువు. ఇంట్లోవాళ్ళవి అక్కడుంటాయి."

చివరి పేజీ అతను ఎప్పుడూ చూడలేదు. పైన నాన్న గుండ్రటి దస్తూరీలో అమ్మ కొలతలు, కొట్టేయకుండా అలాగే ఉన్నాయి. దాని కింద అతనివి, పదేళ్ళప్పుడు, పదిహేనప్పుడు, ఉద్యోగం వచ్చినప్పుడు. దాని కింద చాలా చోటుంది.

"ఇరవై రెండున్నరేనా? ఇంకోసారి..." అని మొదలుపెట్టాడు కొర్రీ.

ఇద్దరూ ఒక్కసారే అతనివైపు చూశారు.

అతను రాసుకున్నాడు.